బల్లకూ యజమానికీ నడుమ

భీమవరం, ఉండి, ఆకివీడు, కాళ్ల ప్రాంతాల చెరువుల్లో పట్టిన రొయ్య ఐసులో ప్రయాణించి శుద్ధి చేసే కర్మాగారానికి చేరి, అక్కడి నుంచి గడ్డకట్టిన సరుకుగా ఓడ ఎక్కేలోగా అనేక దశలు దాటుతుంది. స్థానికులు రొయ్యల ఫ్యాక్టరీ అనీ ప్లాంటు అనీ పిలిచే ఆ కర్మాగారంలో తల తీయడం, పొట్టు ఒలవడం, వీపు వెంట ఉండే నల్లని నరాన్ని లాగివేయడం, పరిమాణాన్ని బట్టి వేరు చేయడం, తూకం వేయడం, తీవ్రమైన చలిలో గడ్డకట్టించడం, మైనస్ 18 డిగ్రీల శీతల గిడ్డంగిలో నిల్వ చేయడం వరుసగా జరిగిపోతాయి. వీటిలో గడ్డకట్టించడం యంత్రం పని. తల, పొట్టు, నరం మాత్రం నేటికీ ఎక్కువగా చేతిపనే, ఆ చేతుల్లో అధికభాగం చుట్టుపక్కల పల్లెల నుంచి బస్సుల్లో, ఆటోల్లో వచ్చే స్త్రీలవి. పనిచేసే జట్టులో నాయకుడు ఉత్సాహాన్ని ఎలా పుట్టించగలడన్న ప్రశ్నను పరీక్షించడానికి ఇంతకంటే కఠినమైన చోటు గోదావరి డెల్టాలో దొరకదు. ఎందుకంటే ఇక్కడి పని చల్లనిది, తడిది, ఒకే కదలికను రోజుకు వేలసార్లు చేయించేది, ఎంత గొప్ప ఉపన్యాసానికీ లొంగనిది.

పరిశ్రమ చిన్నదేమీ కాదు. మధ్య, దక్షిణ అమెరికాల పసిఫిక్ తీరానికి చెందిన వన్నామీ రకం రొయ్య పెంపకాన్ని 2009లో కేంద్రం అనుమతించిన తరువాత డెల్టా చెరువుల రూపమే మారిపోయింది. 2023–24 ఆర్థిక సంవత్సరంలో దేశం నుంచి ఎగుమతి అయిన గడ్డకట్టిన రొయ్య దాదాపు 7.16 లక్షల టన్నులు, దాని విలువ సుమారు 40 వేల కోట్ల రూపాయలు. దేశంలో రొయ్యల ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్‌దే మొదటి స్థానం. 2022 ఏప్రిల్ 4న పశ్చిమ గోదావరి జిల్లా కేంద్రంగా మారిన భీమవరంలో మేత, సీడు, మందులు, ఐసు, రవాణా అనే పేర్లతో సాగే వ్యాపారంలో చాలా భాగం ఈ ఒక్క ప్రాణి చుట్టూనే తిరుగుతోంది. ఇంత పెద్ద వ్యాపారంలో మేతను గురించీ వైరస్‌ను గురించీ జరిగినంత చర్చ బల్ల దగ్గర నిలబడి పనిచేసే మనిషిని గురించి జరగకపోవడం ఆశ్చర్యం కలిగించదు గాని, లోటుగా మాత్రం కనిపిస్తుంది.

పొట్టు ఒలిచే హాలులో పొడవైన స్టీలు బల్లలు వరుసగా ఉంటాయి. తలకు టోపీ, మూతికి మాస్కు, ఒంటికి ఆప్రాను, కాళ్లకు గమ్‌బూట్లు వేసుకుని, క్లోరిన్ కలిపిన నీళ్లలో చేతులు ముంచి లోపలికి వచ్చిన వర్కర్లు ఐసుతో కలిసి ఉన్న రొయ్యను ఒక ట్రేలోంచి తీసి మరో ట్రేలో నింపుతారు. కొన్నిచోట్ల రోజుకూలి, కొన్నిచోట్ల కిలోకింత అని లెక్క. కిలో లెక్కలో మూడు విషయాలు కూలిని నిర్ణయిస్తాయి. మొదటిది కౌంట్, అంటే కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్న అంకె. ముప్పై కౌంట్ రొయ్యకూ వంద కౌంట్ రొయ్యకూ కిలో ఒకటే అయినా వేళ్ల శ్రమ మూడింతలకు పైగా తేడా ఉంటుంది కాబట్టి, కౌంట్‌ను బట్టి రేటు మారకపోతే చిన్న రొయ్య పడిన బల్ల ఆ పూట నష్టపోయినట్టే. రెండవది కాటా, అంటే తూకం. తడి ట్రేలోంచి కారిపోయే నీటికి ఎంత తగ్గించాలన్నది ఎవరు నిర్ణయిస్తారో వారి చేతిలోనే కూలి ఉంటుంది. మూడవది సరుకు రాక. చెరువు పట్టుబడి ఆలస్యమైతే చేతులు ఖాళీ, ఒకేసారి లారీలు దిగితే రాత్రి దాకా పని. ఈ మూడింటినీ బల్ల దగ్గర ఉన్న స్త్రీకి తెలియజేసేది, వాటి గురించి ఆమె అడిగితే జవాబు చెప్పేది, లేదా చెప్పకుండా కసిరేది, ఒక్కరే. ఆ ఒక్కరిని ఒక ప్లాంటులో సూపర్‌వైజర్ అంటారు, ఇంకొక చోట మేస్త్రీ అంటారు, మనుషుల్ని ఊళ్ల నుంచి తెచ్చే బాధ్యత కూడా ఉంటే కాంట్రాక్టరు మనిషి అంటారు. యజమాని పేరు, ఆయన ఆశయాలు, గోడ మీద అద్దం కట్టి తగిలించిన సంస్థ లక్ష్యాలు ఏవైనా కావచ్చు. బల్ల దగ్గరి మనిషికి సంస్థ అంటే ఈ సూపర్‌వైజరూ, ఆ కాటా. నాయకత్వాన్ని గురించిన విచారణ అక్కడి నుంచే మొదలుకావాలి.

పని ప్రేరణను శాస్త్రీయంగా పరిశీలించిన తొలి ప్రయత్నాల్లో ముఖ్యమైనవి అమెరికాలో షికాగో సమీపంలోని వెస్టర్న్ ఎలక్ట్రిక్ సంస్థకు చెందిన హాథార్న్ కర్మాగారంలో 1924 నుంచి 1932 వరకు జరిగాయి. గదిలో వెలుతురు పెంచితే ఉత్పత్తి పెరుగుతుందా అన్న చిన్న ప్రశ్నతో మొదలైన ఆ పరిశోధన, పనివారి పట్ల శ్రద్ధ చూపడమే వారి పనితీరును మారుస్తుందన్న ప్రసిద్ధ నిర్ణయానికి చేరిందని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. ఆ నిర్ణయం మీద తరువాతి పండితులు చాలా అనుమానాలు లేవనెత్తారు. భీమవరం పాఠకుడికి అంతకంటే పనికివచ్చే భాగం ఆ పరిశోధనలోనే మరొకటి ఉంది. 1931–32లో టెలిఫోన్ పరికరాలకు తీగలు చుట్టే 14 మంది పురుషులను ఒక గదిలో ఉంచి గమనించినప్పుడు, ఎక్కువ చేస్తే ఎక్కువ కూలి వచ్చే పద్ధతి అమల్లో ఉన్నా వారు తమలో తాము ఒక హద్దు ఏర్పరచుకుని అంతకు మించి చేయడం లేదనీ, హద్దు దాటినవాడిని తోటివారే వెక్కిరించి దారికి తెస్తున్నారనీ తేలింది. అందరూ వేగంగా చేస్తే యాజమాన్యం రేటు తగ్గిస్తుందన్న భయం అందుకు ఒక కారణం. ఆ భయం సోమరితనం కాదు. రేటు ఎవరు, ఎప్పుడు, ఎందుకు మారుస్తారో తెలియని చోట మనిషి చేసుకునే ముందుజాగ్రత్త. కిలోకింత అని కూలి కట్టే ఏ పరిశ్రమలోనైనా, ప్రోత్సాహక బహుమతి ప్రకటించే ముందు యజమాని తనకు తాను వేసుకోవలసిన ప్రశ్న ఇందులో ఉంది.

ఫ్రెడరిక్ హెర్జ్‌బర్గ్ 1959లో తన సహచరులతో కలిసి ప్రచురించిన అధ్యయనం ఈ విషయాన్ని మరో విధంగా విడదీసింది. పిట్స్‌బర్గ్ ప్రాంతంలో సుమారు 200 మంది ఇంజనీర్లనూ అకౌంటెంట్లనూ ప్రశ్నించిన ఆయన, పనిలో అసంతృప్తిని పుట్టించే కారణాలూ సంతృప్తిని ఇచ్చే కారణాలూ ఒకే తాడుకు రెండు కొసలు కావనీ, అవి వేరువేరు తాళ్లనీ వాదించాడు. జీతం, పనిచోటు, పర్యవేక్షణ తీరు సరిగా లేకపోతే మనిషి చిరాకు పడతాడు, అవి సరిచేస్తే చిరాకు పోతుంది గాని ఉత్సాహం రాదు. ఉత్సాహం సాధించిన తృప్తి నుంచీ గుర్తింపు నుంచీ బాధ్యత నుంచీ వస్తుంది. ఈ సిద్ధాంతాన్ని యాజమాన్య శిక్షణ తరగతుల్లో తరచూ ఉదహరించడానికి కారణం ఊహించడం కష్టం కాదు: గుర్తింపుకు ఖర్చు తక్కువ. అయితే హెర్జ్‌బర్గ్ అడిగింది నెలజీతం నిశ్చింతగా అందే చదువుకున్న ఉద్యోగులను. 2024 మార్చిలో అమెరికాకు చెందిన కార్పొరేట్ అకౌంటబిలిటీ ల్యాబ్ అనే సంస్థ భారతీయ రొయ్యల పరిశ్రమపై వెలువరించిన నివేదిక, ఇక్కడి కొన్ని షెడ్లలో పనిగంటలు, కూలి, మరుగుదొడ్లు, వలస కార్మికుల వసతి ఎంత హీనంగా ఉన్నాయో చూపి పెద్ద దుమారం లేపింది. పరిశ్రమ వర్గాలు ఆ ఆరోపణలను తోసిపుచ్చాయి. వివాదంలో ఎవరి వాదన ఎంతవరకు నిజమన్నది అలా ఉంచి, మరుగుదొడ్డికి వెళ్లడానికి అనుమతి అడగవలసిన చోట నెలకొక ఉత్తమ కార్మికురాలికి స్టీలు గిన్నె బహూకరించడం ప్రేరణ అనిపించుకోదని మాత్రం నిస్సంకోచంగా చెప్పవచ్చు.

పెద్ద జట్టును పని మీద ఎలా నిలపాలన్న ప్రశ్న డెల్టాకు కొత్తది కాదు. భీమవరం చేలకూ చెరువులకూ నీరు తెచ్చే పశ్చిమ డెల్టా కాలువ మొదలయ్యేది గోదావరి మీద విజ్జేశ్వరం దగ్గర. ఆ నీటిని మళ్లించిన ఆనకట్ట నిర్మాణం 1847లో మొదలై 1852లో పూర్తయింది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అనే నాలుగు ఖండాలుగా, నడుమ లంకలతో కలిపి సుమారు ఆరు కిలోమీటర్ల వెడల్పున నదికి అడ్డంగా రాతికట్టు లేపడమంటే, వరద తీసిన తరువాత నుంచి మళ్లీ వరద వచ్చేలోగా దొరికే కొద్ది నెలల్లోనే పని జరగాలి. దాదాపు 10,000 మంది కూలీలు, వారితో వందల సంఖ్యలో వడ్రంగులు, కమ్మరులు పనిచేసిన ఆ చోట అడిగినంత ఇంజనీరింగు సిబ్బంది నిర్మాణాన్ని నడిపిన ఇంజనీరు ఆర్థర్ కాటన్‌కు దొరకలేదు. ఆయన దూరదృష్టి, పట్టుదల, పై అధికారులతో ఆయన చేసిన సుదీర్ఘ వాదప్రతివాదాలు డెల్టాలో అందరికీ తెలిసినవే, ఊరూరా ఉన్న విగ్రహాలు వాటిని గుర్తుచేస్తూనే ఉంటాయి. అంతగా చెప్పుకోనిది వీణెం వీరన్న పాత్ర.

కాటన్ కింద పనిచేసిన వీరన్న కూలీలను కూడగట్టడంలో, వారి చేత పని నడిపించడంలో ప్రధాన సహాయకుడు. పదివేల మందికి దొర మాట అర్థం కాదు, దొరకు పదివేల మంది కష్టం నేరుగా తెలియదు. రాతి గని దగ్గర ఏ ముఠా వెనకబడింది, ఏ ముఠాకు తిండి గింజలు చాలలేదు, ఎవరు ఊరికి పారిపోవడానికి సిద్ధంగా ఉన్నారు అన్న సమాచారం పైకి పోవాలన్నా, రేపు ఏ ఖండంలో పని ఎక్కువ పడుతుందన్న నిర్ణయం కిందికి రావాలన్నా ఇటువంటి మనిషి గుండానే పోవాలి, రావాలి. కాటన్ గొప్పతనంలో ఒక భాగం ఆ మనిషిని గుర్తించడం, ఆ గుర్తింపును దాచుకోకపోవడం. వీరన్నకు రాయ్ బహదూర్ బిరుదు దక్కింది. ధవళేశ్వరంలో ఆయన పేరు శిలాఫలకానికి ఎక్కింది. వలస పాలనలో ఒక దేశీయ ఉద్యోగి శ్రమకు అటువంటి బహిరంగ గుర్తింపు అరుదు.

ఈ కథలో నాయకత్వానికి అసలు పరీక్ష 1848లో వచ్చింది. ఆరోగ్యం దెబ్బతిన్న కాటన్ పనిని కెప్టెన్ ఆర్ అనే అధికారికి అప్పగించి సెలవు మీద వెళ్లవలసి వచ్చింది, తిరిగి 1850లో గాని రాలేదు. నిర్మాణం మాత్రం ఆగలేదు. ఒకే వ్యక్తి ఆకర్షణ మీద నడిచే జట్టయితే ఆ రెండేళ్లలో చెదిరిపోయి ఉండేది. రోజువారీ పనిని నడిపే మధ్యవరుస బలంగా ఉండబట్టి అది నిలిచింది. నాయకుడు లేనప్పుడు ఏం జరుగుతుందన్నది యాజమాన్య శాస్త్రం తరచూ వారసత్వం అనే శీర్షిక కింద చర్చిస్తుంది గాని, అది వారసుణ్ణి వెతకడం కంటే ఎక్కువగా మధ్యవరుసను పెంచడానికి సంబంధించిన విషయమని ధవళేశ్వరం చూపుతోంది. అయితే ఈ పోలికను ఎంతవరకు లాగాలో కూడా తెలిసి ఉండాలి. 1832–33 కరువు చూసిన జిల్లాలో కూలి దొరకడమే పెద్ద ఆకర్షణ. ఆ కూలీలు ఏమనుకున్నారో వారి మాటల్లో రాసిపెట్టినవారు లేరు, మిగిలిన చరిత్ర అంతా పైనున్నవారు రాసినదే.

మధ్యలోని మనిషి ఎప్పుడూ వారధిగానే ఉండడు, గోడగానూ మారతాడు. భీమవరానికి ఆగ్నేయంగా ఉన్న నరసాపురం లేసు పరిశ్రమ దీనికి మంచి సాక్ష్యం. దారాన్ని ఇంటికి తెచ్చి ఇచ్చి, అల్లిన ముక్కలను పట్టుకుపోయే ఏజెంట్ల ద్వారా సాగే ఆ పనిని అధ్యయనం చేసిన జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ 1982లో ప్రచురించిన గ్రంథంలో, వేల మంది స్త్రీలు రోజంతా అల్లుతున్నా వారిని కార్మికులుగా గాక తీరిక వేళలో ఏదో చేసుకునే గృహిణులుగా మాత్రమే చూడడం వల్ల వారి కూలి ఎంత అడుగుకు పడిపోయిందో వివరించింది. ఒకరు పువ్వు అల్లుతారు, మరొకరు ముక్కలను అతుకుతారు, పూర్తయిన బల్లగుడ్డ ఎలా ఉంటుందో, ఏ దేశంలో ఎంతకు అమ్ముతారో చాలామందికి తెలియదు. ఇంటింటికీ విడిపోయిన ఆ పనిలో జట్టు అన్నదే ఏర్పడలేదు. ఏర్పడకపోవడం ఏజెంటుకు లాభం. 2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు లభించింది. ఆ గుర్తింపు సరుకుకు వచ్చినది. అల్లే చేతికి ఏమేరకు చేరుతుందన్నది ఏజెంట్ల వరుసను ఎలా మారుస్తారన్న దాని మీద ఆధారపడి ఉంటుంది.

అమెరికన్ మనస్తత్వవేత్తలు ఎడ్వర్డ్ డెసీ, రిచర్డ్ రయాన్ 1980ల నుంచి అభివృద్ధి చేసిన స్వయంనిర్ణయ సిద్ధాంతాన్ని ఈ రెండు ఉదాహరణల పక్కన పెట్టి చదివితే దాని ఉపయోగం తెలుస్తుంది. బయటి నుంచి వచ్చే డబ్బు, భయం, పొగడ్త కాక, మనిషి తనంతట తాను పనిలో నిమగ్నం కావాలంటే మూడు అవసరాలు తీరాలని ఆ సిద్ధాంతం చెబుతుంది: తన పని మీద తనకు కొంత అధికారం, చేయగలనన్న నేర్పు, తోటివారితో సంబంధం. పొట్టు ఒలిచే హాలులో మొదటిదానికి చోటే లేదని అనిపించవచ్చు, ఎందుకంటే ఆహార భద్రతా నియమాలు చేతి గోరు పొడవు దగ్గర నుంచి ట్రే రంగు దాకా నిర్దేశిస్తాయి. అయినా ఏ బల్ల దగ్గర ఎవరి పక్కన నిలబడాలి, తల తీయడం నుంచి గ్రేడింగుకు ఎప్పుడు మారాలి, వారపు సెలవు ఏ రోజు కావాలి వంటి నిర్ణయాలు జట్టుకు వదిలిపెట్టదగినవే. నేర్పు విషయంలో ఈ పరిశ్రమ తన చేతిలో ఉన్న సంపదను తానే చిన్నచూపు చూస్తోంది. కంటితో చూసి కౌంట్ చెప్పగల, వేలితో తాకి మెత్తబడిన రొయ్యను పక్కన పెట్టగల స్త్రీ నిజానికి నాణ్యతా నిపుణురాలు, ఆమె హాజరు పుస్తకంలో మాత్రం మామూలు వర్కరే. మూడవది ఊరి నుంచే వస్తుంది. ఒకే పల్లె నుంచి ఒకే బస్సులో వచ్చే బ్యాచ్ వరినాట్ల ముఠాలాగే కలిసి పనిచేయడానికి అలవాటుపడినది. ఆ బ్యాచ్‌ను వేగం కోసం చీల్చి వేర్వేరు బల్లలకు పంపే సూపర్‌వైజర్ తనకు ఉచితంగా దొరికిన బలాన్ని పోగొట్టుకుంటాడు. సంక్రాంతి మూడు రోజులూ ఎవరూ రారని తెలిసి ముందే సరుకు సర్దుకునే మేనేజరు, నాట్ల కాలంలో సగం బల్లలు ఎందుకు ఖాళీ అయ్యాయని కోప్పడడం విచిత్రంగా ఉంటుంది.

ఎగుమతి పరిశ్రమకు ప్రాణాంతకమైనది మరొకటి ఉంది, తప్పును దాచడం. చెరువులో వాడిన యాంటీబయాటిక్ అవశేషం దొరికినా, ఐసు తగ్గి సరుకు వేడెక్కినా, చేతి గాయంతో ఎవరైనా పనిచేసినా కంటెయినరు వెనక్కి రావచ్చు. అమెరికాలో ఆసుపత్రి జట్లను పరిశీలించిన ఏమీ ఎడ్మండ్‌సన్ అనే పరిశోధకురాలు, మంచి నాయకత్వం ఉన్న వార్డుల్లో మందుల పొరపాట్లు తక్కువగా నమోదవుతాయని ఊహించి, ఎక్కువగా నమోదైనట్టు గమనించింది. అక్కడ పొరపాట్లు ఎక్కువ జరగడం కాదు, భయం లేక వాటిని చెప్పుకోవడం ఎక్కువన్న వివరణకు ఆమె వచ్చింది. తోటివారి ముందు తప్పు ఒప్పుకున్నా, ప్రశ్న అడిగినా అవమానం జరగదన్న ఆ నమ్మకాన్ని 1999 నాటి వ్యాసంలో ఆమె మానసిక భద్రత అన్న పేరుతో చర్చించింది. తెగిన వేలిని చూపిన వర్కరును ఆ పూట కూలి కోసి ఇంటికి పంపే ప్లాంటులో రేపటి నుంచి తెగిన వేళ్లన్నీ గ్లోవుల్లో దాగుతాయి. అదే వర్కరుకు కట్టు కట్టించి, కూలి పోకుండా ప్యాకింగు విభాగానికి పంపగల అధికారం సూపర్‌వైజర్‌కు ఉంటే, సంస్థ లక్షల విలువైన సరుకును కాపాడుకున్నట్టే.

సమస్య అక్కడే ఉంది. చాలాచోట్ల సూపర్‌వైజర్‌కు ఆ అధికారం ఉండదు. పై నుంచి రోజుకు ఇన్ని టన్నులన్న లెక్క వస్తుంది, కింది నుంచి అలసట, ఆలస్యం, ఇంటి కష్టాలు వస్తాయి, రెండింటి నడుమ అతడి చేతిలో ఉన్న ఏకైక సాధనం గొంతు పెంచడం. కాంట్రాక్టరు మనిషి అయితే తెచ్చిన తలకు ఇంత అన్న కమీషను మీద బతుకుతాడు కాబట్టి మనుషుల సంఖ్య మీద ఉన్న శ్రద్ధ వారి నిలకడ మీద ఉండదు. ఈ స్థితిలో ఉన్నవారిని నక్షత్ర హోటల్లో రెండు రోజుల వ్యక్తిత్వ వికాస శిక్షణకు పంపడం డబ్బు దండగ. రేటు మారితే ముందుగా తెలుసుకుని కారణంతో సహా చెప్పగలగడం, తూకం మీద అభ్యంతరం వస్తే అక్కడికక్కడే తిరిగి తూయించగలగడం, అత్యవసరమైతే సగం పూట అనుమతి ఇవ్వగలగడం అనే మూడు చిన్న అధికారాలు అతడికి ఇచ్చి, అతడి జీతాన్ని టన్నులతో పాటు నెలాఖరుకు ఎంతమంది పని మానకుండా నిలిచారన్న లెక్కతో కూడా ముడిపెడితే, శిక్షణ లేకుండానే అతడి భాష చాలావరకు మారుతుంది. బల్ల దగ్గర ఏళ్లపాటు పనిచేసిన స్త్రీలను ఆ స్థానానికి ఎక్కించడం మరొక మార్గం. హాలు నిండా స్త్రీలే ఉన్నచోట ఆజ్ఞాపించే గొంతు ఎక్కువగా పురుషులది కావడానికి అలవాటు తప్ప వేరే సమర్థన కనిపించదు. వంద మంది గాని అంతకు మించి గాని పనిచేసే సంస్థల్లో యాజమాన్యం, కార్మికులు కలిసి కూర్చునే వర్క్స్ కమిటీని ఏర్పాటు చేయించే వీలును 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టమే కల్పించింది. అటువంటి కమిటీలో కాటా గురించి ఒక్క గంట జరిగే చర్చ, వార్షికోత్సవ సభలో జరిగే సన్మానాలన్నిటికంటే విలువైనది.

2025 ఆగస్టులో అమెరికా భారతీయ సరుకుల మీద సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు ఈ మధ్యవరుస మీద పడిన బరువు వేరే రకానిది. ప్రధాన మార్కెట్టు ఒక్కసారిగా ఖరీదైపోవడంతో చెరువు ధర పడిపోయి, ఆర్డర్లు తగ్గి, రైతులూ ఎగుమతిదారులూ ప్రభుత్వాల చుట్టూ తిరిగారు. వార్తలన్నీ వారి చుట్టూనే నడిచాయి. అటువంటి వారాల్లో ఏ ప్లాంటులోనైనా రేపు ఎన్ని బల్లలకు పని ఉంటుంది, ఎవరిని రమ్మనాలి, ఎవరిని ఇంటి దగ్గర ఉండమనాలి అన్న మాట సాయంత్రం బస్సు ఎక్కేముందు చెప్పవలసినది సూపర్‌వైజరే. పని తగ్గినప్పుడు అందరికీ వంతులవారీగా పంచాలా, వేగంగా చేసే కొద్దిమందినే నిలుపుకోవాలా అన్నది యజమాని ముందే తేల్చి, ఆ పద్ధతిని తెలుగులో రాసి హాలు గుమ్మం దగ్గర అంటించి ఉంటే, ఆ మాట చెప్పడం కష్టమే అయినా అవమానకరం కాదు. అలా తేల్చని చోట అతడు తనకు నచ్చినవారిని పిలుస్తాడు, మిగిలినవారు పక్క ఊరి ప్లాంటుకు వెళ్లే బస్సు వేళలు కనుక్కుంటారు, ఆర్డర్లు తిరిగి వచ్చిన నాడు కంటితో కౌంట్ చెప్పగల చేతులు ఆ బల్లల దగ్గర ఉండవు.